రాత్రిళ్లు ఎర్రబడే ఆకాశం: స్కాట్లండ్ ఫ్యాక్టరీ ఊళ్లలో పెరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఎర్రాకాశం | శనివారం, రాత్రి 9:40

నమస్కారం. నాలుగేళ్లుగా ఈ ఫోరంలో అందరి పోస్టులూ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

పోయిన వారం మా అబ్బాయిని తీసుకుని మదర్వెల్ వెళ్లాను. "అమ్మా, నువ్వు పెరిగిన ఊళ్లో చూడ్డానికి ఏముంది?" అన్నాడు. "అదిగో" అని చెయ్యి చాపాను. చాపిన చోట ఏమీ లేదు. గడ్డి, దూరంగా కొత్త ఇళ్లు, ఒక స్పోర్ట్స్ కాంప్లెక్స్. వాడు నా మొహం చూసి ఊరుకున్నాడు. అప్పట్నుంచీ నిద్ర సరిగ్గా పట్టట్లేదు. అందుకే ఇది.

నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1969లో ఇక్కడికొచ్చారు. నేను 1971లో పుట్టాను. మా వెనక గది కిటికీలోంచి రేవెన్స్‌క్రెయిగ్ ఉక్కు కర్మాగారం కనిపించేది. మూడు కూలింగ్ టవర్లు, పక్కన నీలం రంగు గ్యాస్ హోల్డరు. పగటిపూట అదేమంత గొప్పగా ఉండేది కాదు. బూడిద రంగు, పొగ, అంతే. అసలు సంగతంతా రాత్రే. ఇనుము కరిగించాక మిగిలే మడ్డిని, స్లాగ్ అంటారు, కుమ్మరించినప్పుడల్లా ఆకాశం ఎర్రబడేది. మబ్బు పట్టి ఉంటే మరీనూ. మబ్బుల అడుగంతా కుంపట్లో నిప్పుల్లా రాజుకునేది.

అమ్మ వచ్చిన మొదటి రాత్రి నాన్నగారిని లేపి "ఏమండీ, ఊరు తగలబడుతోంది" అందట. ఆయన ఆ రోజు డ్యూటీలో నలిగిపోయి వచ్చారు. "రోజూ తగలబడుతుందిలే, పడుకో" అన్నారట. ఇంటికి చుట్టాలొస్తే ఈ కథ చెప్పకుండా వదిలేది కాదు.

నాకు మాత్రం అదే బెడ్‌లైటు. సెలవులకి తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరెళ్తే, రాత్రి నల్లగా ఉందని ఏడ్చేదాన్నట.

అమ్మ బట్టలారేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూసేది. గాలి ఇటు తిరిగితే పక్కింటావిడ గోడ అవతల్నుంచి కేకేసేది, ఇద్దరూ పరుగున వెళ్లి తాడు మీంచి అన్నీ లాగేసేవాళ్లు. అమ్మకి అప్పటికి ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడ మాట్లాడే స్కాట్స్ అసలు ఇంగ్లీషే కాదు. అయినా ఇద్దరి స్నేహం ఆ బట్టల తాడు దగ్గరే కుదిరింది. ఆవిడ నన్ను "మెసేజెస్ తెచ్చిపెట్టవే" అని కొట్టుకి పంపేది. మెసేజ్ అంటే ఏదో కబురు అనుకుని, మొదటిసారి కొట్టువాడి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. మెసేజెస్ అంటే సరుకులు!

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. అక్కడ డిసెంబరు 31 రాత్రి గంటలు కొట్టాక గడపలో మొదట కాలుపెట్టే మనిషి నల్లజుట్టు మగవాడైతే, చేతిలో బొగ్గుముక్కతో వస్తే, ఏడాదంతా ఇంటికి శుభం. ఫస్ట్ ఫుట్ అంటారు. మా వీధిలో నాన్నగారి కంటే నల్లని జుట్టు ఎవరికుంది? పన్నెండు దాటగానే బొగ్గుముక్క చేతిలో పెట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్లు. అడుగుపెట్టిన ప్రతిచోటా ఒక గుక్క విస్కీ తాగాలి. మా నాన్నగారు చుక్క ముట్టని మనిషి. వాళ్లని నొప్పించలేక పెదాలకి తగిలించి, దారిలో ఉన్న పూలకుండీల్లో ఒంపేసి వచ్చేవారు. ఆ కుండీల్లో మొక్కలు ఏమయ్యేవో మరి.

మీరంతా ఎక్కడెక్కడ పెరిగారు?

గోనెసంచి | శనివారం, రాత్రి 11:15

అక్కా, డండీ వాణ్ని. ముందుగా ఒక మాట: 1991 స్కాటిష్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ గురించి ఇక్కడెవరూ ఎత్తకూడదు. మదర్వెల్ 4, మా డండీ యునైటెడ్ 3. ఆ గాయం ఇంకా మానలేదు.

మా కథ కొంచెం వేరు, మా ఇంట్లో డాక్టరు లేడు. నాన్నది విజయనగరం వైపు, నెల్లిమర్ల. జూట్ మిల్లు ఊరు. అక్కణ్నుంచి కలకత్తా మిల్లుకి, అక్కణ్నుంచి చదువు పేరు చెప్పి డండీకి. జూట్ వెళ్లిన దారే ఆయనా పట్టాడు. బెంగాల్లో పండిన జనపనార ఓడల్లో డండీకి వెళ్లి, అక్కడ గోనెలై ప్రపంచమంతా తిరిగేది. తర్వాత డండీ వాళ్లే కలకత్తా వెళ్లి మిల్లులు నడిపారు. ఆ మిల్లులే చివరికి డండీ మిల్లుల్ని మింగాయి. ఊళ్లో ముసలివాళ్లు కొందరు నాన్నతో సరదాకి "మా ఉద్యోగాలు మీ వాళ్లే పట్టుకుపోయారు" అనేవాళ్లు. నాన్న "అయితే నన్ను జామీనుగా ఉంచుకోండి" అనేవాడు.

మేం డండీలోనే లాకీ అనే పేటలో ఉండేవాళ్లం. కాక్స్ స్టాక్ అని 282 అడుగుల పొగగొట్టం, రెండు రంగుల ఇటుకలతో గుడి గోపురంలా ఉంటుంది. ఇప్పటికీ ఉంది, పడగొట్టలేదు. దాని కింద క్యాంపర్‌డౌన్ మిల్లు 1981లో మూతపడింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పొద్దున్నే మిల్లు కూత విని లేచేవాళ్లం. దాన్ని "బమ్మర్" అంటారు. కూత ఆగిపోయాక కొన్నాళ్లు మా వీధిలో జనం బడికీ బస్సుకీ ఆలస్యంగా పోయారంటే నమ్మండి.

డండీ జూట్ మిల్లుల్లో ఎక్కువ మంది ఆడవాళ్లే. మగపిల్లల్ని పద్దెనిమిది నిండగానే, పెద్ద జీతం ఇవ్వాల్సొస్తుందని తీసేసేవారట. దాంతో పెళ్లాం మిల్లుకి, మొగుడు ఇంట్లో పొయ్యి దగ్గర. అలాంటి మగాళ్లని "కెటిల్ బాయిలర్" అని పిలిచేవాళ్లు, అంటే టీనీళ్లు కాచేవాడు. ఇదంతా నాన్న తరానికి ముందు మాట. కానీ మా వీధి అవ్వల నడక చూస్తే, ఇంట్లో ఎవరి మాట చెల్లేదో అర్థమయ్యేది.

ఆ అవ్వల్లో ఒకావిడ మా అమ్మకి రోడ్డు అవతల్నుంచే కబుర్లు చెప్పేది, గొంతు లేకుండా. పెదాలు, వేళ్లు, అంతే. మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి మిల్లు ఆడవాళ్లకి ఆ భాష అలవాటు. అమ్మకి ఇంగ్లీషు కంటే ముందు అదే వచ్చింది. నిజం. బస్టాండులో ఇద్దరూ చేతులూపుకుంటూ నవ్వుకుంటుంటే, అమ్మకి మాటలు రావనుకునేవాళ్లు జనం.

దారపుండ | ఆదివారం, ఉదయం 7:50

పైజ్లీ పిల్లని. పొద్దున్నే మీ ఇద్దరి రాతలూ చదివి, పొయ్యి మీద పాలు పొంగించుకున్నాను.

మన చీరల మీద మామిడిపిందె డిజైను ఉంది కదా, ఇంగ్లీషులో దాని పేరు మా ఊరి పేరే. కశ్మీరు శాలువాల మీది ఆ పిందెని మా ఊరి నేతగాళ్లు నేసి నేసి తమ పేరు పెట్టేసుకున్నారు. బళ్లో టీచరు మా ఊరి మ్యూజియంకి తీసుకెళ్లి "ఇది మన పైజ్లీ గొప్పదనం" అని చూపిస్తే, నేను ఇంటికొచ్చి అమ్మ ధర్మవరం చీర కొంగు చూపించి "అమ్మా, మన చీర కాపీ కొట్టారు" అన్నాను. అమ్మ "ఎవరు ఎవర్ని కొట్టారో తర్వాత చూద్దాం, ముందు చేతులు కడుక్కో" అంది.

యాంకర్ దారం తెలుసుగా. మన వైపు ఎంబ్రాయిడరీ చేసే ఏ ఆడపిల్లకైనా తెలిసిన పేరు. యాంకర్ మిల్లు మా ఊళ్లో కార్ట్ నది ఒడ్డున ఉండేది. మా వీధిలో ప్రతి ఇంట్లో ఎవరో ఒక అత్తయ్య దారం మిల్లులో పనిచేసేది. (అత్తయ్య అంటే వాళ్ల ఆంటీలే. మా అమ్మ అందర్నీ అలాగే పిలవమనేది. వాళ్లూ పలికేవాళ్లు.) ఖాళీ కొయ్య ఉండలు సంచుల కొద్దీ తెచ్చి మాకిచ్చేవాళ్లు. ఉండ అంచులకి గాట్లు పెట్టి, రబ్బరు బ్యాండు, కొవ్వొత్తి ముక్క, అగ్గిపుల్ల బిగిస్తే ట్యాంకు తయారు, తనంతట తానే నడుస్తుంది. నేనూ మా తమ్ముడూ మెట్ల మీద పందేలు వేసేవాళ్లం.

జీలీ పీస్ ఎవరికైనా గుర్తుందా? బ్రెడ్డుకి జామ్ రాసి పై అంతస్తు కిటికీలోంచి కింద ఆడుకునే పిల్లలకి విసిరేవాళ్లు. మా అమ్మ ఆ పద్ధతి పట్టుకుంది గానీ జామ్ బదులు కందిపొడి, నెయ్యి. అది రెండంతస్తుల మీంచి పడేసరికి... సరే, ఆ వాసనకి పెరట్లో పిల్లలందరూ నా చుట్టూ చేరేవాళ్లు, కొందరు పారిపోయేవాళ్లు కూడా.

గోనెసంచి | ఆదివారం, ఉదయం 8:30

కందిపొడి పీస్! అక్కా, మీరు స్కాట్లండ్ చరిత్రలోకి ఎక్కాలి.

బర్రు కంపెనీ కూల్‌డ్రింకు గాజు సీసాల గురించి కూడా రాయండి ఎవరైనా. ఖాళీ సీసా కొట్టులో తిరిగిస్తే డబ్బులిచ్చేవాడు. "గ్లాస్ చెక్" అనేవాళ్లు. మా పాకెట్ మనీ మొత్తం అదే.

అవిసెనూనె | ఆదివారం, మధ్యాహ్నం 1:20

కిర్కాల్డీ, ఫైఫ్. మీకు రంగు, కూత, దారం ఉన్నాయి. మాకు ఉన్నది వాసన. నేల మీద పరిచే లినోలియం షీట్ల ఫ్యాక్టరీలు. అవిసెనూనె కాచిన వాసన ఊరంతా ఎంత దట్టంగా ఉండేదంటే, రైల్లో కళ్లు మూసుకున్నా దిగాల్సిన స్టేషన్ తెలిసిపోయేది. ఇప్పటికీ ఎవరైనా క్రికెట్ బ్యాటుకి నూనె రాస్తుంటే నేను పదేళ్లవాణ్ని అయిపోతాను.

బడి గురించి ఎవరూ రాయలేదేం? బెల్టు! మన దగ్గర బెత్తం, గోడకుర్చీ, తొడపాశం. అక్కడ తోలుపట్టీ. దాన్ని తయారుచేసే ఊరు కూడా మా జిల్లాలోదే, లాక్‌గెల్లీ. "లాక్‌గెల్లీ" అంటే బెల్టు అనే అర్థం. చివర చీల్చి రెండు మూడు తోకలుంటాయి, బరువుల్లో కూడా రకాలుంటాయి. ఒక అరచెయ్యి కింద ఇంకో అరచెయ్యి పెట్టి చాపాలి. నాకు మూడుసార్లు పడింది. మూడోది మాత్రం అన్యాయం, ఆ సీసా పగలగొట్టింది నేను కాదు. టీచరు పేరు, బడి పేరు చెప్పను, ఆయన పోయారు. 1982లో యూరప్ మానవహక్కుల కోర్టు తీర్పు వచ్చాక నెమ్మదిగా తీసేశారు. మా తమ్ముడు ఒక్క దెబ్బ కూడా తినకుండా బయటపడ్డాడు. ఆ కుళ్లు నాకింకా పోలేదు.

ఇంకోటి, నేను ఎక్కువగా తలుచుకునేది. 1984 మార్చి నుంచి 85 మార్చి దాకా గని కార్మికుల సమ్మె. మా ఊరి సీఫీల్డ్ గని సముద్రం అడుక్కి వెళ్తుంది. నా క్లాసులో సగం మంది నాన్నలు అందులోనే. శీతాకాలం వచ్చేసరికి బొగ్గు తవ్వేవాళ్ల ఇళ్లలోనే బొగ్గు లేదు. కార్మికుల క్లబ్బులో వంటశాల పెట్టారు, ఆడవాళ్లందరూ వండేవాళ్లు. నాన్న వాళ్లకి డాక్టరు. ఎవరి వైపూ మాట్లాడకూడదని ఇంట్లో నియమం. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పెద్ద గిన్నెడు పప్పుచారు కాచి, నన్నూ అన్ననీ చెరోవైపు పట్టుకోమని క్లబ్బుకి పంపింది.

స్కాట్లండ్‌లో ప్రతి ఇంట్లోనూ ఎర్ర కందిపప్పుతో సూపు చేస్తారు. కాబట్టి వాళ్లకది కొత్తేమీ కాలేదు. కాకపోతే ఒకావిడ గరిటెతో తిప్పుతూ "నల్లగా ఈ గుండ్లేంటి?" అని అడిగింది. ఆవాలు. పురుగులనుకున్నారేమోనని నా గుండె జారింది. ఆవిడ రుచి చూసి ఏమీ అనకుండా ఇంకో గరిటె పోసుకుంది. తర్వాత వారం నుంచి "ఆ గుండ్ల సూపు ఎప్పుడొస్తుంది?" అని అడిగేవాళ్లు. వసంతం దాకా వారానికోసారి మోశాం. చేతులు లాగేసేవి. అమ్మ ఆ గిన్నె ఇంకా దాచింది, ఒకవైపు సొట్ట. ఆ సొట్ట మా అన్న వల్లే.

క్లైడ్‌గట్టు | ఆదివారం, రాత్రి 8:05

మీ అందరికంటే పెద్దవాణ్ని, 1958లో పుట్టాను. క్లైడ్‌బ్యాంక్. చదువుతుంటే సంతోషంగానే ఉంది, కానీ ఒక మాట అనక తప్పదు. కోపగించుకోకండి.

నాన్నగారు 1957లో వచ్చారు. ఆ ఏడాది గ్లాస్గోలో క్షయ ఉన్నవాళ్లని పట్టుకోవడానికి ఐదు వారాల్లో 7 లక్షల మందికి పైగా ఎక్స్‌రేలు తీశారు. ఆయన ఊపిరితిత్తుల వైద్యుడు. ఎర్రాకాశం గారూ, మీకు అందంగా కనిపించిన పొగ మా ఇంట్లో భోజనాల దగ్గర వేరేలా వినిపించేది. క్షయ తగ్గాక ఆయన దగ్గరికొచ్చినవాళ్లు ఓడల యార్డు వాళ్లు. బాయిలర్లకీ పైపులకీ చుట్టే ఆస్బెస్టాస్. దాన్ని తడిపి ముద్దచేస్తే "మంకీ డంగ్" అనేవాళ్లు, కోతి పేడ. కొత్తగా చేరిన కుర్రాళ్లు మంచు ఉండల్లా ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్లట. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఇరవై ముప్పై ఏళ్లు దాక్కుని తర్వాత తిరగబడుతుంది. యార్డుకి వెళ్లినవాళ్లకే కాదు. ఓవరాల్స్ గుమ్మం బయట దులిపి, ఇంట్లో ఉతికిన భార్యలకి కూడా.

నా క్లాస్‌మేట్ తల్లి అలాగే పోయింది. ఆవిడ జీవితంలో ఒక్కసారి కూడా ఓడెక్కలేదు.

అందుకే మా ఇంట్లో "ఫ్యాక్టరీ ఎంత బావుందో" అనే మాట ఎప్పుడూ వినపడలేదు. అలాగని నాకు జ్ఞాపకాలు లేవా? ఉన్నాయి. 1967 సెప్టెంబరు 20న క్వీన్ ఎలిజబెత్ 2 ఓడని నీళ్లలోకి వదిలారు. నాకు తొమ్మిదేళ్లు. కదలదేమో అన్నట్టుండి, మెల్లగా మొదలై, ఇక ఆగలేదు. దాని వెనక వేలాడే బరువు గొలుసులు నేల మీద ఈడ్చుకుపోతుంటే తుప్పు మబ్బులా లేచింది. నాన్నగారు నన్ను భుజాల మీద ఎక్కించుకోవడానికి నేను పెద్దవాణ్నయిపోయాను, అయినా ఎక్కించుకున్నారు. ఆ తుప్పు దుమ్ము చూసి, నా ముక్కుకి రుమాలు అడ్డంపెట్టారు. ఊరంతా చప్పట్లు కొడుతుంటే ఆయన చేతిలో రుమాలు. నా చిన్నతనం మొత్తం మీద ఒక్క ఫొటో మిగిలితే అది అదే అవ్వాలి, కానీ ఎవరూ తియ్యలేదు.

ఎర్రాకాశం | ఆదివారం, రాత్రి 10:30

కోపం ఎందుకండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను.

మా నాన్నగారు కూడా ఇవి చూసే ఉంటారు. మాకు చెప్పలేదు, అంతే. ఆయనకి ఒక అలవాటుండేది. దారిలో ఎవరైనా ఆయన్ని పలకరిస్తే, సమాధానం చెప్పేముందు వాళ్లు ఊపిరి తీసుకోవడం వినేవారు. నేను అది పరధ్యానం అనుకునేదాన్ని.

కానీ మీతో ఒక చోట పేచీ ఉంది. 1992 జూన్‌లో రేవెన్స్‌క్రెయిగ్ మూసేశాక నాన్నగారి దగ్గరికొచ్చే జబ్బులు తగ్గలేదు, మారాయి. నిద్రపట్టదు, ఆకలి లేదు, ఇంట్లో గొడవలు. యాభై ఏళ్ల మనిషి మధ్యాహ్నం మూడింటికి పార్కులో బెంచీ మీద ఇస్త్రీ చొక్కాతో కూర్చునేవాడు. ఇదైతే ఆయన నాకు చెప్పారు.

1996 జూలైలో మూడు టవర్లనీ గ్యాస్ హోల్డరునీ పేల్చేశారు. జనం తిరణాలకొచ్చినట్టు వచ్చారు, పిల్లల్ని ఎత్తుకుని. కొన్ని సెకన్లు, ఆ తర్వాత దుమ్ము. పక్కింటావిడ కూడా మాతో వచ్చింది, ఆవిడ భర్త అందులో 27 ఏళ్లు చేశాడు. దుమ్ము మావైపు వస్తుంటే ఆవిడ అలవాటు కొద్దీ "అయ్యో, బట్టలు!" అంది. తాడు మీద ఆ రోజు ఏమీ లేవు.

గోనెసంచి తమ్ముడూ, కప్పు గురించి ఎత్తొద్దన్నావు గానీ ఎత్తుతాను. ఆ ఏడాది వసంతంలోనే మా రేవెన్స్‌క్రెయిగ్‌లో ఉక్కు రేకులు చేసే స్ట్రిప్ మిల్లు మూసేశారు. కప్పు మేలో. ఊరంతా ఏడుస్తున్నప్పుడు దొరికిన ఒకే ఒక్క మంచి శనివారం అది. కాస్త వదిలెయ్యి.

గోనెసంచి | ఆదివారం, రాత్రి 10:55

వదిలేశాను అక్కా. రెండు జట్ల మేనేజర్లూ అన్నదమ్ములే కదా, ఇంట్లో గొడవ అనుకుంటాను.

(వదల్లేదు.)

గాజువాక_కుర్రాడు | సోమవారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్తే. నేను మదర్వెల్‌లోనే ఉంటున్నాను, వచ్చి రెండేళ్లు. రేవెన్స్‌క్రెయిగ్ అంటే నాకు జిమ్, కాలేజీ ఉన్న చోటు. ఎర్రాకాశం మేడమ్ పోస్టు చదివాక ఇవాళ పని అయ్యాక అక్కడ దిగి నడిచాను. మీరన్నట్టే ఏమీ లేదు. ఇంత ఖాళీ ఊరి మధ్యలో ఎందుకుందా అని రెండేళ్లూ అనుకున్నాను, అడగలేదు.

మా నాన్న వైజాగ్ స్టీల్‌లో చేశారు. నేను పెరిగింది గాజువాక. మాకూ మేడ మీద పడుకుంటే రాత్రి ఆకాశం అటువైపు ఎర్రగా ఉండేది. అది అన్ని ఊళ్లలోనూ ఉంటుందనుకునేవాణ్ని. మా తాతది ప్లాంటు కోసం భూమి ఇచ్చిన ఊరు. ఆయనకి ఆ వెలుగు చూస్తే మా చెరువు ఎక్కడుండేదో గుర్తొస్తుంది, నాన్నకి నైట్ షిఫ్ట్ గుర్తొస్తుంది.

2021లో ప్లాంటు అమ్మేస్తామన్న వార్త వచ్చినప్పటి నుంచీ ఇంట్లో టెన్షనే. ఇప్పుడు ఈ గడ్డి చూసొచ్చాక ఇంకాస్త పెరిగింది. ఫొటో తీశాను గానీ నాన్నకి పంపలేదు. అసలు ప్లాంటు తియ్యకుండా ఆపడానికి ప్రభుత్వం

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 6:45

గాజువాక గారి పోస్టులో చివరి ఐదు వాక్యాలు తీసేశాను. విశాఖ ఉక్కు రాజకీయాలకి వేరే చర్చ ఉంది, అక్కడ ఎంతైనా కొట్టుకోండి. ఇక్కడ జ్ఞాపకాలు మాత్రమే.

(నేను పెరిగింది కొత్తగూడెం. పని దినాల్లో సైరన్ విని అన్నం పెట్టేది మా అమ్మ. అంతకంటే రాస్తే నా రూలు నేనే దాటినట్టవుతుంది.)

దారపుండ | సోమవారం, రాత్రి 9:15

బాబూ గాజువాక, మదర్వెల్‌లో ఒంటరిగా ఉంటున్నావా? అన్నం తింటున్నావా? పైజ్లీ గంట దూరమే. ఆదివారం వచ్చెయ్యి, కందిపొడి ఉంది. కిటికీలోంచి విసరనులే.

తెనాలి_మనవరాలు | సోమవారం, రాత్రి 11:40

నేను స్కాట్లండ్ ఎప్పుడూ చూడలేదు, హైదరాబాద్. క్షమించాలి, మధ్యలో దూరుతున్నా. క్లైడ్‌గట్టు గారూ, క్లైడ్‌బ్యాంక్ అంటే కుట్టుమిషన్లు చేసిన ఊరేనా? మా అమ్మమ్మ సింగర్ మిషన్ తెనాలిలో పిన్ని వాళ్లింట్లో ఉంది. దాని మీద గ్రేట్ బ్రిటన్ అని ఉంటుంది. అమ్మమ్మ దాని మీద ఊరందరి జాకెట్లూ కుట్టి ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లు చేసింది.

క్లైడ్‌గట్టు | మంగళవారం, ఉదయం 6:30

అదే ఊరమ్మా. సింగర్ ఫ్యాక్టరీ 1885 నుంచి 1980 దాకా మా ఊళ్లో నడిచింది. ఒకప్పుడు దాని గడియారం నాలుగు వైపులా కనిపించేది, ఒక్కో ముఖం 26 అడుగులు. దాన్ని 1963లో పడగొట్టారు. నాకు ఐదేళ్లు, అస్పష్టంగా ముల్లు ఒక్కటే గుర్తుంది. ఫ్యాక్టరీ పోయినా దాని రైల్వే స్టేషన్‌కి పేరు ఇప్పటికీ సింగరే. రైల్లో "తర్వాత స్టేషన్ సింగర్" అని చెబుతుంటే, కొత్తవాళ్లు ఎవరో పాటగాళ్ల ఊరనుకుంటారు.

మా వీధిలో ఒకాయన మిషన్ల మీద బంగారు రంగు బొమ్మలు అంటించే విభాగంలో చేసేవాడు. అవి ఎక్కడికి పోతాయని అడిగితే "మీ అమ్మమ్మ ఇంటికి" అనేవాడు, నన్ను ఆటపట్టించడానికి.

మీ మిషన్‌కి కుడివైపు, మంచం మీద ఒక చిన్న నంబరు ఉంటుంది. దాని ముందు అక్షరం చూడండి. వై అని గానీ, ఎఫ్ అని గానీ ఉంటే అది మా ఊరిదే. ఈఏ లాంటి, ఈతో మొదలయ్యే జంట అక్షరాలున్నా అంతే.

అవిసెనూనె | మంగళవారం, ఉదయం 9:00

మంచం అంటే మిషన్ కింది పలకండీ, పడుకునేది కాదు. క్లైడ్‌గట్టు గారి తెలుగు 1958 నాటిది.

క్లైడ్‌గట్టు | మంగళవారం, ఉదయం 9:10

దానికి కూడా గ్లాస్ చెక్ ఇవ్వండి, తిరిగిచ్చేస్తాను.

తెనాలి_మనవరాలు | మంగళవారం, రాత్రి 9:50

ఇప్పుడే ఫోన్ చేశాను. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని, చీర కొంగుతో తుడిచి చదివింది. వై, తర్వాత ఏడంకెలు.

పని చేస్తోందా అని అడిగితే "చేస్తుంది గానీ దాని మీద టీవీ పెట్టాం" అంది.

క్లైడ్‌గట్టు | మంగళవారం, రాత్రి 10:02

టీవీ దింపమనండి. ఒక చుక్క నూనె కూడా వెయ్యమనండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, బిగుసుకుపోతుంది.